నేల మీద జరిగితే చిన్న ప్రమాదమేనా?

తిరుపతిలో పిల్లల్ని పైలట్ ట్రైనింగ్‌కు పంపాలనుకునే తల్లిదండ్రుల మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "చిన్న విమానాలు నేల మీద గుద్దుకుంటే పెద్ద ప్రమాదమేం కాదు, స్పీడే ఉండదు. స్విచ్ ఆపేస్తే ప్రొపెల్లర్‌తో భయం లేదు. తప్పంతా పైలట్‌దే, లైసెన్స్ పీకేస్తే సరి" అని దాని సారాంశం. ఇందులో ఒక్క మాటా నిలవదు. నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది.

ముందు స్పీడు సంగతి. విమానం మనిషి నడకంత నెమ్మదిగా కదిలినా ప్రొపెల్లర్ అలా తిరగదు. సెస్నా 172 అనే చిన్న విమానం ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 1.9 మీటర్లు. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే బ్లేడు కొన వేగం గంటకు 350 కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడది కంటికి సరిగా ఆనదు కూడా.

స్విచ్ మాట ఇంకా ప్రమాదం. ఈ ఇంజిన్లలో చాలావాటికి స్పార్క్ బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెటో అనే పరికరం తనే పుట్టిస్తుంది. స్విచ్ ఆఫ్ చేయడమంటే ఒక వైరు ద్వారా ఆ మాగ్నెటోను ఎర్త్ చేయడమే. ఆ వైరు తెగితే తాళంచెవి మీ జేబులో ఉన్నా మాగ్నెటో పనిచేస్తూనే ఉంటుంది. సిలిండర్‌లో కాస్త పెట్రోలు మిగిలి, ఎవరైనా చేత్తో బ్లేడు తిప్పారా, ఇంజిన్ ఒక్కసారిగా అందుకుంటుంది. అందుకే జాగ్రత్తపరులు ఆపేముందు తాళాన్ని క్షణంపాటు ఆఫ్‌కు తిప్పి చూస్తారు. ఇంజిన్ తడబడకుండా నడుస్తూనే ఉంటే వైరు పోయినట్టే. ఆ తర్వాత మిక్చర్ (ఇంజిన్‌కు వెళ్లే పెట్రోలు-గాలి పాళ్లను మార్చే మీట) లాగి, పెట్రోలు అందకుండా చేసి ఆపుతారు.

ఇక "తప్పంతా పైలట్‌దే" అన్నది. తోక చక్రం ఉన్న విమానాల్లో ముక్కు పైకి లేచి ఉండి, ఎదురుగా ఉన్నది పైలట్‌కు కనబడదు. వంకర్లు తిప్పుతూ పక్కల నుంచి చూసుకుంటూ పోవాలి. అలాంటి విమానం ముందున్నదాన్ని గుద్దితే పైలట్‌ను తిట్టి ఊరుకుంటే సరిపోతుందా? రెండూ ఒకే దారిలోకి ఎలా వచ్చాయి? రేడియోలో ఎవరికి ఏం వినబడింది? మన బస్టాండ్‌లో బస్సు రివర్స్ చేసేటప్పుడు వెనక కండక్టర్ నిలబడ్డట్టు, రెక్క దగ్గర చూసే మనిషి ఉన్నాడా?

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. అవి పెద్ద విమానాలే, పాఠం మాత్రం అందరిదీ. అనుమతి రాకుండా టేకాఫ్ మొదలుపెట్టిన కెప్టెన్ ఇతరులకు శిక్షణ ఇచ్చేంత సీనియర్. ఆయనా పోయాడు. ఇక ఎవరి లైసెన్స్ పీకుతారు? దర్యాప్తులో పొగమంచు, ఒకేసారి మాట్లాడడంతో రేడియోలో మరుగునపడ్డ మాటలు, అపార్థాలు బయటపడ్డాయి. 'టేకాఫ్' అనే మాటను అసలు అనుమతి ఇవ్వడానికో, రద్దు చేయడానికో తప్ప వాడకూడదన్న పద్ధతి ఆ తర్వాతే గట్టిపడింది.

దర్యాప్తు ఏకైక ఉద్దేశం ప్రమాదాల నివారణే, నింద వేయడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన నిబంధనల్లోనే ఉంది. నిర్లక్ష్యానికి శిక్ష వద్దని నేననను, దానికి వేరే దారి ఉంది. కానీ ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో ఉన్నవాడు జరిగింది జరిగినట్టు చెప్పడు.

ఫీజు కట్టేముందు ఆ స్కూల్లో రెండు విషయాలు అడగండి. చిన్న పొరపాటును విద్యార్థి తనంతట తాను చెబితే ఏం చేస్తారు? ఇంజిన్ తిరుగుతుండగా ఎవరినైనా విమానం దగ్గరికి రానిస్తారా?