ఉతకనివారి ఉన్నతస్థాయి కమిటీ

ఇంట్లోకి ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, దానికి జోడీగా ఒక డ్రయర్ కొనాలని అనుకున్న మరుక్షణం ప్రతి ఇంట్లోనూ ఒక కమిటీ దానంతటదే పుట్టుకొస్తుంది. ఎవరూ నియమించరు, ఎవరూ ప్రమాణ స్వీకారం చేయించరు. సభ్యత్వానికి అర్హత ఒక్కటే: మాసిన బట్టల బుట్ట ఇంట్లో ఏ మూల ఉంటుందో తెలియకపోవడం. రోజూ బట్టలు ఉతికే మనిషి సమావేశాలకు రావచ్చు, కూర్చోవచ్చు, వినవచ్చు. ఓటు మాత్రం ఉండదు. నిత్యం ఉతికేవారు ఈ విషయంలో నిష్పక్షపాతంగా ఉండలేరన్నది కమిటీ అభిప్రాయం. కమిటీల్ని ఆడిపోసుకోవడం ఈ మధ్య మరీ ఎక్కువైంది కాబట్టి, వాటి పనితీరును సానుభూతితో వివరించే బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను.

కమిటీ మొట్టమొదట చేపట్టేది కిలోల సమస్య. ఏడా, ఎనిమిదా, తొమ్మిదా? "పెద్దదే తీసుకుంటే పోయేదేముంది?" అన్న వాదన ముందు ఇంతవరకూ ఏ వాదనా నిలవలేదు. తలుపు మీద మెరిసే ఆ 8 కిలోలు పొడి నూలు బట్టల లెక్క, అదీ కాటన్ ప్రోగ్రాంకే. సింథటిక్ బట్టల దగ్గరికి వచ్చేసరికి అది సగానికి పడిపోతుంది, ఉన్ని దగ్గర ఇంకా దిగుతుంది, పదిహేను నిమిషాల క్విక్ వాష్ అంటే చాలా మోడళ్లలో 2 కిలోలకు అటూఇటూ. ఈ పట్టిక మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటుంది. మాన్యువల్ పెట్టెలో ఉంటుంది. పెట్టె డబ్బు కట్టాక తెరుచుకుంటుంది.

"బట్టల్ని కాటాలో పెట్టి ఎవరు తూస్తారు? డ్రమ్ము నింపాక పైన ఓ చెయ్యి నిలువుగా పట్టేంత జాగా మిగిలితే చాలు" అని ఉతికే మనిషి అంటారు. ఇది అక్షరాలా నిజమే, మెకానిక్‌ని అడిగినా ఇదే చెబుతాడు. అయితే చెయ్యి అధికారిక కొలమానం కాదు కనుక కమిటీ దాన్ని రికార్డుల్లోంచి తొలగిస్తుంది.

తర్వాతది ఆర్‌పీఎం, అంటే డ్రమ్ము నిమిషానికి తిరిగే చుట్ల లెక్క. ఇక్కడ సభ్యుల కళ్లలో ఒక వెలుగు కనిపిస్తుంది. వెయ్యి, పన్నెండు వందలు, పద్నాలుగు వందలు! మామూలు సైజు డ్రమ్ము నిమిషానికి 1400 చుట్లు తిరిగితే దాని గోడకు అతుక్కున్న బనీను మీద భూమ్యాకర్షణకు దాదాపు 500 రెట్ల బలం పనిచేస్తుంది. యుద్ధవిమానం నడిపే మనిషి ప్రత్యేకమైన సూటు తొడుక్కుని కూడా తొమ్మిది రెట్ల దగ్గర పళ్లు బిగబడతాడు. మన బనీను ఏ శిక్షణా లేకుండా దీన్ని రోజూ భరిస్తోంది, దానికి ఏ పతకమూ లేదు. ఇంత వేగం వల్ల లాభం లేదనను. డ్రయర్ కూడా కొంటున్నప్పుడు నిజంగానే ఉంది, ఎందుకంటే బట్టల్లోని నీటిని వేడితో ఆవిరి చేయడం కన్నా తిప్పి విదిలించడం చాలా చవక. కానీ అంత వేగంగా తిప్పితే ముడతలు బిగుసుకుపోతాయని, నాజూకు బట్టల ప్రోగ్రాం తనంతట తానే 600, 800 దగ్గర ఆగిపోతుందని కమిటీకి చెప్పడం వృథా. ఇస్త్రీ శాఖ వేరు.

1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ వాళ్లు ఇళ్ల కోసం తెచ్చిన తొలి ఆటోమేటిక్ మెషిన్ కూడా ముందు తలుపుదే. అది తిరిగేటప్పుడు నడిచి వెళ్లిపోకుండా నేలకు బోల్టులతో బిగించేవారు. ఇప్పుడు ఆ పని లోపలి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, డ్రమ్ము తిరిగే తొట్టెకు కట్టిన కాంక్రీటు దిమ్మ చూసుకుంటాయి. అవును, కాంక్రీటే. వైఫై, యాప్, కృత్రిమ మేధ అంటూ పొంగిపోతున్న ఈ యంత్రాన్ని ఒకచోట నిలబెడుతున్నది ఓ సిమెంటు దిమ్మ. రవాణాలో డ్రమ్ము ఊగకుండా వెనక బిగించిన బోల్టులు తీయడం మరిచిపోయి మెషిన్ ఆన్ చేస్తే, అది వంటింట్లోంచి హాల్లోకి వచ్చి కమిటీ సభ్యుల్ని స్వయంగా కలుసుకునే అవకాశమూ ఉంది.

ప్రోగ్రాముల సంఖ్య గురించి భిన్నాభిప్రాయం లేదు. ఎన్ని ఉంటే అంత మంచిది. ఉన్ని, పట్టు, పసిపిల్లల బట్టలు, ఆటల దుస్తులు, ఎలర్జీ ఉన్నవారివి, బొంతలు, ముదురు రంగులు, జీన్స్. ఈ జాబితా చదివితే ప్రతి ఇంట్లోనూ మనకు తెలియకుండా ఇంకో కుటుంబం కాపురం ఉంటోందని అర్థమవుతుంది. వాళ్లు పొద్దున ఫుట్‌బాల్ ఆడతారు, మధ్యాహ్నం పట్టు కడతారు, సాయంత్రం మంచుకొండలెక్కుతారు. మెషిన్ వాళ్లకోసమే కొంటాం. అసలు కుటుంబం మాత్రం ఒకే ఒక్క ప్రోగ్రాంకి డయల్ తిప్పుతుంది. అది కూడా సాధారణంగా తప్పుదే: "ఎకో అంటే మూడు గంటలా? ఎంత కరెంటు కాలుతుందో!" అని భయపడి, వేడి నీళ్ల క్విక్ వాష్ పెడతారు. ఉతకడంలో కరెంటు ఎక్కువగా తాగేది నీళ్లు వేడిచేసే హీటరే. ఎకో, అంటే పొదుపు ప్రోగ్రాం, నీళ్లను తక్కువ వేడి చేసి, ఆ లోటును నెమ్మదిగా నానబెట్టి తిప్పడంతో పూడ్చుకుంటుంది. ఆలస్యమే దాని పొదుపు. అయితే కమిటీలో పనిగంటల్ని బట్టి బిల్లు వస్తుందని నమ్మేవారే ఎక్కువ, బహుశా వారి వృత్తి అలాంటిది.

మెషిన్ కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే లేబుల్ కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఐరోపాలో 'ఏ' అక్షరం పక్కన ప్లస్సులు చేరుతూ చేరుతూ ఏ ప్లస్ ప్లస్ ప్లస్ దాకా వెళ్లింది. 2021 మార్చిలో ప్లస్సులన్నీ పీకేసి మళ్లీ ఏ నుంచి జీ వరకు కొత్తగా మార్కులు వేస్తే, నిన్నటి ఫస్టు ర్యాంకు మెషిన్లు కొన్ని మధ్య బెంచీలకు దిగిపోయాయి. మెషిన్ అదే, డ్రమ్ము అదే. పరీక్ష పేపరు మారింది.

ఇక తలుపు. కమిటీ దీనికి కేటాయించిన సమయం శూన్యం, కాబట్టి నేను కాస్త ఎక్కువ తీసుకుంటాను. ఉతికే మనిషి మొత్తం సమావేశంలో అడిగిన ప్రశ్నలు మూడు. తలుపు ఎటువైపు తెరుచుకుంటుంది? మధ్యలో గుర్తొచ్చిన సాక్సు ఒకటి వెయ్యొచ్చా? ఉతికాక తలుపు ఎక్కడ తెరిచి పెట్టాలి?

"అదంతా తర్వాత చూద్దాంలే" అన్నారు అధ్యక్షులవారు.

తర్వాత చూడటానికి ఏమీ మిగలదు. చాలా వాషర్లలో తలుపు కీలు ఏ వైపుంటే ఆ వైపే, మార్చడం కుదరదు. గోడ ఆ వైపు ఉంటే తలుపు సగమే తెరుచుకుంటుంది, ఆ సందులోంచి తడి దుప్పటిని లాగడం ఒక విద్య. మధ్యలో సాక్సు వెయ్యడం కొన్ని మోడళ్లలోనే కుదురుతుంది, అదీ నీటిమట్టం, వేడి ఒప్పుకుంటేనే. మూడో ప్రశ్న అన్నిటికంటే ఘాటైనది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ మడతను వేలితో విప్పి చూడండి. అడుగున చెంచాడు మురికి నీళ్లు, ఒక జుట్టు పిన్ను, పోయిందనుకున్న ఒంటి సాక్సు, కొన్నాళ్లు పట్టించుకోకపోతే నల్లటి బూజు చుక్కలు. దాన్ని తుడిచి, ఉతికిన ప్రతిసారీ తలుపు వారగా తెరిచి ఉంచాలి. ప్రకటనల్లో మెషిన్ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, శుభ్రత తెలిసిన ఇళ్లలో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇరుకు వరండాలో అది మోకాలికి తగులుతుంది. కమిటీ కొలిచింది మెషిన్ వెడల్పు 60 సెంటీమీటర్లు మాత్రమే, మోకాలిని కాదు.

వారంటీ విషయంలో కమిటీ ఘనవిజయం సాధించింది: మోటారుకు పదేళ్లు! ఈ కాలపు బ్రష్ లేని ఇన్వర్టర్ మోటారు అంత సులువుగా పోదు కాబట్టే పదేళ్లు ఇస్తారు. పోయేవి డ్రెయిన్ పంపు, తలుపు లాకు, బేరింగులు, ఎలక్ట్రానిక్ బోర్డు. వాటి సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు సమావేశానికి తీసుకురాలేదు.

డ్రయర్ దగ్గరికి వచ్చేసరికి సభ్యులు అలసిపోయారు. కనుక ఒక సభ్యుడు "రెండూ ఒకే దాంట్లో ఉన్నది తీసుకుందాం" అన్నాడు. చప్పట్లు. ఉతికేది 8 కిలోలు, ఆరబెట్టేది 5 కిలోలు అని రాసి ఉన్నప్పుడు మిగతా 3 కిలోలు ఏమవుతాయో ఎవరూ అడగలేదు. అవి తడిగా బయటికి వస్తాయి, అంతే. పైగా మొదటి వాయి ఆరేదాకా రెండో వాయి ఉతకడానికి వీల్లేదు, చాలావాటిలో ఆవిరిని చల్లార్చడానికి కుళాయి నీళ్లు మళ్లీ ఖర్చు.

విడిగా డ్రయర్ కొనేవారికి హీట్ పంప్ రకం నయం. ఫ్రిజ్‌లో ఉండే కంప్రెసర్ సూత్రంతోనే అదే వేడిని తిప్పి తిప్పి వాడుకుంటుంది కనుక పాత రకం డ్రయర్లతో పోలిస్తే కరెంటు సగానికి అటూఇటూ, బట్టలకు కాక తక్కువ, సమయం ఎక్కువ. ఈ మాట ఉతికే మనిషే చెప్పారు. కమిటీ ఆమోదించింది, కాకపోతే తన ఆలోచనగా నమోదు చేసింది.

జాగా కలిసొస్తుందని డ్రయర్‌ను వాషర్ నెత్తిన ఎక్కించాలన్న తీర్మానం ఏకగ్రీవం. ఒక్కోటి 85 సెంటీమీటర్లు. రెండూ కలిస్తే 170. డ్రయర్ మీటలు దాని పై అంచున ఉంటాయి. తీర్మానం చేసినవారు ఆరడుగుల వారు, నొక్కేవారు ఐదడుగుల వారు. "స్టూలు వేసుకోండి" అని ఉపశమన ప్యాకేజీ ప్రకటించారు. వాషర్ పంపు ఫిల్టర్ మాత్రం నేలకు ఆనుకుని అడుగున ఉంటుంది, అది తిప్పితే ముందు నీళ్లు, తర్వాత చిల్లర నాణేలు వస్తాయి. అంటే ఒకే పనికి స్టూలూ ఎక్కాలి, సాగిలపడాలి.

చివరికి లింట్ ఫిల్టర్ మిగిలింది. డ్రయర్ తిప్పిన ప్రతిసారీ బట్టల నుంచి రాలిన నూగు అక్కడ పలచటి బూడిదరంగు చాపలా పేరుకుంటుంది. తీయకపోతే గాలి ఆడదు, బట్టలు ఆరవు, కరెంటు కాలుతుంది, మరీ వదిలేస్తే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా. దీన్ని ప్రతిసారీ ఎవరు తీయాలన్న ప్రశ్న ఉతికే మనిషి లేవనెత్తారు. అది ఎజెండాలో చివరి అంశం కావడం వల్ల, అప్పటికే ఇద్దరు సభ్యులు నిద్రలోకి జారుకోవడం వల్ల, వాయిదా పడింది. తదుపరి సమావేశం తేదీని డిష్‌వాషర్ కొనేటప్పుడు ప్రకటిస్తారు.