కెమెరా మాత్ర గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కెమెరా మాత్ర గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నా లోపలి కుశలం నాకన్నా మీకే బాగా తెలుసు. మీ కుశలం అడగను. మిమ్మల్ని ఆఖరిసారి సాగనంపిన చోటు పదిమందిలో చెప్పుకునేది కాదు.

నా హిమోగ్లోబిన్ 7కి దిగినప్పుడు, లోపల రక్తం ఎక్కడ కారుతోందో చూడటానికి డాక్టరుగారు పైనుంచి ఒక కెమెరా గొట్టం, కిందనుంచి ఒక కెమెరా గొట్టం పంపించారు. రెండూ "ఇక్కడేం లేదు" అనేసి బయటికొచ్చాయి. నడుమ దాదాపు 6 మీటర్ల చిన్నపేగు ఉందని, అందులో చాలా భాగం ఆ రెంటికీ అందదని అప్పుడు చెప్పారు. మా ఊరి రోడ్డూ అంతే, ఈ చివరా ఆ చివరా తారు, మధ్యలో ఏముందో దేవుడికెరుక. అప్పుడు మీ పేరు వినబడింది. గొట్టం లేదు, మత్తు లేదు, వక్కపలుకులా మింగెయ్యడమే అన్నారు. 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల లావున్న వక్కపలుకు నేను ఏ తాంబూలంలోనూ చూడలేదు.

మింగేముందు మీ పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. వంశం గొప్పదే. 1868లో కుస్మౌల్ అనే జర్మన్ డాక్టరు కత్తులు మింగేవాణ్ణి పిలిపించి, వాడి గొంతులోంచి వంగని గొట్టం దింపాడట. వెలుగు చాలక పెద్దగా ఏమీ కనబడలేదు. ఇక మీ నాన్నగారు గావ్రియెల్ ఇద్దాన్, ఇజ్రాయెల్‌లో క్షిపణులకు చూపునిచ్చే పని చేసిన ఇంజినీరు. శత్రువు మీదికి పోవాల్సిన కన్ను మా సాంబారిడ్లీ మీదికి తిరిగింది. 2001లో అమెరికా అనుమతీ దొరికింది. క్షిపణి సంతానం కదా, గురి ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే మీకు స్టీరింగే లేదు! పేగు నెడితే పోతారు, ఆగితే ఆగుతారు.

పోనీ, మాత్రే కదా అని ముందురోజు పెసరట్టు తినబోతే చేతిలో విరేచనాల మందు పెట్టారు. ఆ విషయంలో మీకూ గొట్టానికీ తేడా లేదు.

నడుముకి బెల్టు, బెల్టుకి రికార్డరు. సెకనుకి రెండు ఫొటోల చొప్పున 8 గంటలకి 57,600. మా పెళ్లి ఫొటోగ్రాఫరు కూడా ఇన్ని తియ్యలేదు. వాడు భోజనాల బంతి దగ్గర ఆగాడు, మీరు అక్కణ్ణుంచి మొదలుపెట్టారు.

"బయటికొచ్చాక కడిగి ఇంకొకరికి ఇస్తారా బాబూ?" అని అడిగారు మా అత్తగారు. లేదండీ అత్తయ్యగారూ, ఒక్కసారికే, ఫ్లష్ చేసెయ్యడమే అన్నాను. అంత ఖరీదైన వస్తువునా! ఆవిడ ఇంకా తేరుకోలేదు.

పేగు వాచి పుండ్లుపడే క్రోన్స్ జబ్బుతోనో, మన దేశంలో కొత్త కాని పేగు టీబీతోనో సన్నబడిన చోట మీరు ఇరుక్కుంటారట. అందుకే అనుమానం ఉన్నవాళ్లకి ముందుగా మీ రూపంలోనే ఒక ఉత్తుత్తి మాత్రని పంపి చూస్తారు. దారి లేకపోతే అది మర్యాదగా కరిగిపోతుంది. మీకు ఆ ఇంగితం లేదు. మొండి అద్దెదారులా తిష్ఠ వేస్తే ఒక్కోసారి ఆపరేషన్ చేసి ఖాళీ చేయించాలి.

సరే, నా దగ్గర ఆ గొడవ చెయ్యలేదు, సంతోషం. ఎర్రటి చుక్క ఒకటి పట్టుకున్నారు, దాన్నుంచి రక్తం జారడం ఫొటోలో నాకూ కనబడింది. మరి కాల్చారా? ముక్క తీశారా? తుపాను నష్టం చూడటానికొచ్చిన కేంద్ర బృందంలా ఫొటో తీసుకుని ముందుకి వెళ్లిపోయారు.

"ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందండీ," అన్నారు డాక్టరుగారు. "ఇక బెలూను ఉన్న పొడుగు గొట్టం వేసి అక్కడ కాల్చేద్దాం. ఎటునుంచి వెళ్లాలో మాత్ర చెప్పేసింది కదా!"

గొట్టం తప్పుతుందని మిమ్మల్ని మింగితే, అంతకన్నా పొడుగు గొట్టానికి దారి చెప్పి పోయారు. మంగళవారం రమ్మన్నారు. మంగళవారం మంచిది కాదని మా అత్తగారు బుధవారానికి మార్పించారు.

ఇట్లు,
తమరు ఒక రోజు బస చేసిన సత్రం