బీరువాలో వేంచేసి ఉన్న స్కానర్ గారికి

మహారాజశ్రీ ఇంజిన్ స్కానర్ గారికి, ఆటోమొబైల్ ల్యాబు గెస్ట్ లెక్చరర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీరు తాళం వెనక, సిలికా జెల్ పొట్లం పక్కన క్షేమంగా ఉన్నారని బీరువా అద్దంలోంచి చూసి తెలుసుకున్నాను. స్క్రీను మీది ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. సోఫా కొని పదేళ్లయినా కవరు తీయని ఇళ్లలో పెరిగినవాళ్లం, దానికి నేనేమీ అనను.

కారు ఇంజిన్ కంప్యూటర్‌కి తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరం మీరు. అయినా బయటికొచ్చేది ఏడాదికి రెండుసార్లు. స్టాక్ వెరిఫికేషన్ రోజు మిమ్మల్ని ఎత్తి, నంబరు చూసి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టి మళ్లీ పడుకోబెడతారు. రెండోది దసరాకి, ఆయుధ పూజ రోజు. పోయినసారి ఎవరో భక్తి ఎక్కువై మీ పదహారు పిన్నుల కనెక్టర్ మూతికే బొట్టు పెట్టారు. ఇప్పటి కార్లలో ఇంజిన్ కంప్యూటర్‌తో మీరు మాట్లాడేది ఆరో పిన్ను, పద్నాలుగో పిన్ను మీదే. ఆరో పిన్ను చుట్టూ కుంకుమ ఇప్పటికీ ఉంది. మీరు ఏ బండితోనూ మాట్లాడటం లేదు కాబట్టి ఇబ్బందేమీ రాలేదు.

తాళంచెవి స్టోర్ ఇన్‌చార్జి దగ్గరుంటుంది. అడిగితే ఆయనది ఒకటే మాట: "పిల్లలు పాడు చేస్తే ఎవరు కడతరు సార్? మీరు కడతరా?" నేను పీరియడ్ల లెక్కన డబ్బులు తీసుకునేవాణ్ని. రిజిస్టర్‌లో మీ ధర చూశాక రెండోసారి అడగలేదు. ఆ మాట కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

అందుకని స్లైడ్లతో లాక్కొస్తున్నాను. పది పెన్‌డ్రైవ్‌లు మారి వచ్చిన అమెరికా స్లైడ్లు. స్టీరింగ్ ఎడమవైపు, వేడి ఫారన్‌హీట్‌లో. అక్కడ 1996 నుంచే కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 (మీలాంటివాళ్లని తగిలించే కనెక్టర్, లోపాల కోడ్‌ల పద్ధతి) తప్పనిసరి, కాబట్టి పాఠాలూ అప్పట్నుంచే రాసుకున్నారు. స్లైడులో గాలి, పెట్రోల్ నిష్పత్తి 14.7కి 1. మన బంకుల్లో పోసే ఈ20లో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటుంది, దానికి కావాల్సిన గాలి అంతకంటే తక్కువ. ఇక గోడ మీది చార్టు సంగతి మీకు తెలిసిందే, ఎదురెదురుగానే ఉంటారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చి కొత్త స్కూటర్లకి కూడా కార్బురేటర్ బదులు పెట్రోల్ ఇంజెక్షన్ పెట్టించింది. చార్టులో మాత్రం కార్బురేటర్ ఫ్లోట్ ఇంకా తేలుతూనే ఉంది.

మొన్న విసుగొచ్చి రాణిగంజ్‌లో ఇంజిన్ నీళ్ల వేడి కంప్యూటర్‌కి చెప్పే పాత కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఒకటి, కోఠి గుజరాతీ గల్లీలో చవక మల్టీమీటర్ ఒకటి కొన్నాను. క్యాంటీన్ నుంచి గాజు గ్లాసులో వేడినీళ్లు తెప్పించాను. "టీ పొడి వెయ్యాల్నా సార్?" అన్నాడు క్యాంటీన్ కుర్రాడు. చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ రెండు వేల ఓమ్‌ల దగ్గర చూపించింది. నీళ్లలో ముంచాక అంకెలు గబగబా దిగి నాలుగు వందల దగ్గర ఆగాయి. "వేడెక్కితే పెరగాలి కదా సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. ఈ సెమిస్టర్‌లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మరి వైరు ఊడిపోతే?" అన్నాను. సాయంత్రాలు ముషీరాబాద్‌లో ఒక షెడ్డులో పనిచేసే కుర్రాడు లేచాడు. "మైనస్ నలభై చూపిస్తది సార్. మా ఉస్తాద్ అది చూసిండంటే సెన్సర్ కొననియ్యడు. ముందు ప్లగ్గు ఊడిందేమో చూడమంటడు." నిజమే. ఈ సెన్సర్‌లో చల్లబడేకొద్దీ ఓమ్‌లు, అంటే నిరోధం, పెరుగుతాయి. తీగ తెగితే నిరోధానికి అంతే ఉండదు, కంప్యూటర్ ఇచ్చే ఐదు వోల్టులూ అలాగే నిలబడతాయి, బండి మంచులో ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. హైదరాబాద్‌లో, మే నెలలో! ఫారన్‌హీటూ సెల్సియసూ కలిసేది కూడా ఆ మైనస్ నలభై దగ్గరే. ఆ అమెరికా స్లైడ్లకీ మా పిల్లలకీ అంతవరకు కుదిరిన సంధి అదొక్కటే.

అన్నట్టు, ఆ షెడ్డులో మీ చుట్టం ఒకరున్నారు. స్క్రీను మూల పగిలింది, కేబుల్‌కి నల్ల టేపు చుట్టారు, ఒళ్లంతా గ్రీజు వేళ్ల ముద్రలు. తీరిక లేదట. ఆయన 'పీ0171' అనే లోపం కోడ్ చూపించాడంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని అర్థం, అంతవరకే. గాలి గొట్టం చిట్లిందా, ఇంజెక్టర్ మూసుకుపోయిందా, పంపు అలిసిపోయిందా అనేది చెప్పడు. మా కుర్రాడు బానెట్ ఎత్తి, చెవి పెట్టి 'స్స్' మనే చప్పుడు వెతుకుతాడట. మా క్లాసులో మిగతావాళ్లు 'స్కానర్ ఉపయోగాలు రాయుము' అనే ఐదు మార్కుల ప్రశ్నకి ఆరు పాయింట్లు రాస్తారు. మొదటి పాయింటు ఎప్పుడూ 'లోపాన్ని ఖచ్చితంగా కనిపెట్టును'. నేనూ టిక్కు పెట్టి మార్కులు వేస్తాను.

నిన్న స్టోర్ రిజిస్టర్‌లో 'పాడైతే నా పూచీ' అని రాసి సంతకం పెట్టాను. ఇన్‌చార్జి గారు తేదీ కూడా వేయించుకున్నారు. సోమవారం రెండో పీరియడ్‌కి వస్తాను. ప్లాస్టిక్ పొర తీసేది ఆ షెడ్డు కుర్రాడే. ఆరో పిన్ను కుంకుమకి పాత టూత్‌బ్రష్ తెస్తున్నాను, కాస్త ఓర్చుకోండి.

ఇట్లు,
మీ పూచీదారు

తా.క.: మీ డబ్బా మీద చూశాను. ఉచిత అప్‌డేట్లు ఒక ఏడాదేనట, ఆ ఏడాది బీరువాలోనే గడిచిపోయింది. టెన్షన్ పడకండి, మా ల్యాబులో ఉన్న కారు కూడా పాతదే.