వచ్చినోళ్లకి ముందు నీళ్లు, బడి, కాగితం ఇవ్వండి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల, దుమ్ముగూడెం వైపు మిరపకోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచి జనం రావడం కొత్తేం కాదు, కోతలయ్యాక వెళ్లిపోయేవాళ్లు. 2005లో మావోయిస్టుల మీదకి సర్కారు అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక మాత్రం దంతెవాడ, బీజాపూర్ వైపు ఊళ్లు తగలబడితే ప్రాణాలు చేతబట్టుకుని ఇటొచ్చి అడవిలోనే గుడిసెలేసుకున్నారు, 2011లో సుప్రీంకోర్టు ఆ జుడుంని ఆపమన్నా చాలామంది వెనక్కి పోలేదు. మనం గుత్తికోయలు అని పిలిచేది వీళ్లనే.

కొన్ని గూడేల్లో ఇప్పటికీ బోరు లేదు. ఎండాకాలం ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా పక్కనే కూర్చుని, సొరకాయ బుర్రతో కొంచెం కొంచెంగా తోడుకుంటారు. అడవిలో బోరు వేయాలంటే అటవీశాఖ ఒప్పుకోవాలి, ఒప్పుకోదు. 2017లో ములుగు వైపు తాడ్వాయి అడవిలోని జలగలంచ గూడెంలో అయితే గుడిసెలే కూల్చేశారు.

వీళ్లు ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలే, ఇక్కడ మాత్రం ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వరు, ఎందుకంటే ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. అడవిలో పోడు సాగు చేసుకునే భూమి పట్టాకి అటవీ హక్కుల చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబర్ 13, ఆ తర్వాత వచ్చినోళ్లకి దారే లేదు. స్థానిక కోయల భయం కూడా నిజమే, ఉన్న కాస్త భూమి, రిజర్వేషన్ పంచుకోవాల్సి వస్తుందని వాళ్ల బాధ, దాన్ని కొట్టిపారేయకూడదు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో అటవీ రేంజ్ ఆఫీసర్‌ని చంపడం ఘోరం, దోషులకి కోర్టు జీవితఖైదు వేసింది. కానీ ఇద్దరు గుత్తికోయలు చేసిన పనికి పిల్లాజెల్లాతో సహా గూడెం మొత్తాన్ని పొమ్మని పంచాయతీ తీర్మానం చేయడం ఏం న్యాయం?

భూమి సంగతి తేలడానికి ఏళ్లు పడుతుంది, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు రెండూ కేంద్రంతో కూర్చోవాలి. అప్పటిదాకా మిగతావన్నీ ఆపాల్సిన పనేంటి? విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు కాగితం లేదని పిల్లల్ని బడిలో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు, కాబట్టి వాళ్ల భాష వచ్చిన గూడెం యువకుల్నే వాలంటీర్లుగా పెట్టుకుని ఈ జూన్‌లోనే చేర్పించండి. ఇక్కడే పుట్టి పెరిగి పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు, వాళ్లకి కనీసం బర్త్ సర్టిఫికెట్ ఇవ్వండి. గిరిజనుల అభివృద్ధి చూసే భద్రాచలం ఐటీడీఏ వాళ్లు ఆధార్, రేషన్ క్యాంపులు మండలాఫీసులో కాకుండా గూడెంలోనే పెట్టాలి, కూలి పోగొట్టుకుని అంతదూరం నడిచొచ్చేదెవరు? వానలు పడి వాగులు పొంగితే అంబులెన్స్ కూడా పోలేదు, మలేరియా మందులు, దోమతెరలు మే నెలాఖరుకే ఆశా కార్యకర్తల దగ్గరికి చేరాలి.