చేపలకు తొందర వద్దు

ఇంట్లో అద్దాల తొట్టెలో నీటి మొక్కలతో పాటు చేపలు పెంచడంపై మీరు రాసిన వ్యాసం చదివాను. తొట్టెలో మొక్కలు నాటిన మర్నాడే చేపలు వదలవచ్చని రాశారు, అది మాత్రం ఒప్పుకోలేను. చేపల విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా, నీటిని వడకట్టే ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా అమ్మోనియా పేరుకుంటుంది కాబట్టి నీళ్లు ఎంత తేటగా కనిపించినా చేపకు విషమే. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బాక్టీరియా చస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మొక్కల ఎంపిక బాగుంది. మీరు చెప్పిన అనూబియాస్, జావా ఫెర్న్ అనే నీటి మొక్కలకు తక్కువ వెలుతురు చాలు. కాకపోతే వాటి అడ్డంగా పెరిగే లావుపాటి కాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్లిపోతుంది, రాయికో కొయ్యకో దారంతో కట్టాలి.

అన్నట్టు, 20 లీటర్ల తొట్టె గురించి రాసిన వ్యాసానికి గోల్డ్‌ఫిష్ ఫొటో ఎందుకు పెట్టారు? అది అరడుగు దాటి పెరిగే చేప!