పేరు కొట్టేస్తే ఇల్లొచ్చినట్టేనా, జాబితా గారూ?

మహారాజశ్రీ నిర్వాసితుల జాబితా గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇక్కడ ఒక పక్క కుశలం మాత్రమే రాయగలం, అదీ తమరిదే. 2024 చివరికి సొంత దేశంలోనే ఉంటూ సొంత ఊళ్లో లేనివాళ్లు ప్రపంచమంతటా 8 కోట్ల 34 లక్షల మంది. అందులో 7 కోట్ల 35 లక్షల మందిని వెళ్లగొట్టింది యుద్ధమూ హింసే. మిగతావాళ్లను వరదలు, తుఫానులు, భూకంపాల్లాంటివి. తమరి పేజీలు నిండుగా కళకళలాడుతున్నాయి. పైగా అప్పుడప్పుడూ కొన్ని వేల పేర్ల మీద గీత గీయించుకుని, ‘ఇంతమందికి శాశ్వత పరిష్కారం చూపాం’ అని నివేదికల్లో మెరుస్తుంటారు. ఆ గీత గురించే ఈ ఉత్తరం.

తమరి జాతకంలోనే ఒక లోపముంది. సరిహద్దు దాటినవాణ్ని శరణార్థి అంటారు. 1951 నాటి ఒప్పందం అతనికి ఒక హోదా ఇచ్చింది, ఆ హోదా ఏయే పరిస్థితుల్లో ముగుస్తుందో కూడా అందులోనే రాసింది. సరిహద్దు దాటనివాడికి ఆ భాగ్యం లేదు. 1998లో నిర్వాసితుల వ్యవహారాలు చూసే ప్రతినిధి ఫ్రాన్సిస్ డెంగ్ ఐక్యరాజ్యసమితి ముందుంచిన 30 మార్గదర్శక సూత్రాలు నిర్వాసితుడంటే ఎవరో చెప్పాయి. ఏ రోజు నుంచి నిర్వాసితుడు కాకుండా పోతాడో చెప్పలేదు. ఆ ఖాళీని తమరు అధికారి పెన్నుతో పూడ్చారు.

తర్వాతైనా కొలత దొరకలేదా అంటే, దొరికింది. 2010లో ఐక్యరాజ్యసమితి సంస్థలూ సహాయ సంస్థలూ కలిసి ఒక చట్రం తయారుచేశాయి. ఊరు వదలడం వల్ల వచ్చిపడిన ప్రత్యేక అవసరాలేవీ మిగలకుండా, నిర్వాసితుడన్న వివక్ష లేకుండా మనిషి తన హక్కులు అనుభవించగలిగినప్పుడే పరిష్కారం దొరికినట్టని అందులో ఉంది. చూడాల్సినవి ఎనిమిది: భద్రత, తగిన జీవన ప్రమాణం, బతుకుతెరువు, ఇల్లూ పొలమూ ఆస్తీ, గుర్తింపు కాగితాలు, చెదిరిపోయిన కుటుంబం కలవడం, ప్రజావ్యవహారాల్లో పాలు, జరిగిన అన్యాయానికి న్యాయం. ఈ ఎనిమిదింటిలో ‘సొంతూరికి వెళ్లాడా’ అన్నది లేదు, గమనించారా? వెళ్లొచ్చు, ఉన్నచోటే కలిసిపోవచ్చు, మూడోచోట స్థిరపడొచ్చు. ఎక్కడున్నా ఎనిమిదీ చూడాల్సిందే. తమరికి మాత్రం మనిషి లారీ ఎక్కితే చాలు.

లారీ కంటే ముందు సర్వే వస్తుంది. అబ్బ, ఆ సర్వే! ‘తిరిగి వెళ్తారా? ఇక్కడే ఉంటారా? వేరేచోటికి పోతారా?’ పక్కన మూడు గళ్లు. అడిగేది ఇంటిపెద్దని, అంటే చాలాచోట్ల మగాణ్ని. అడిగే మనిషి చొక్కా మీద రేషన్ ఇచ్చే సంస్థ గుర్తు. ‘ఇక్కడే ఉంటాం’ అంటే ఊళ్లో పొలం మీద హక్కు వదులుకున్నట్టు రాసుకుంటారేమోనని భయం. ‘వెళ్తాం’ అంటే వచ్చే నెల రేషన్ ఆగిపోతుందేమోనని ఇంకో భయం. రెండింటినీ బేరీజు వేసుకుని అతను ఏదో ఒక గడి చూపిస్తాడు. దాన్ని తమరు ‘నిర్వాసితుల ఆకాంక్ష’ అని శాతాల్లో అచ్చేస్తారు.

వెళ్తానన్నవాణ్ని ఇంకో మూడు ముక్కలు అడిగితే తమరి సొమ్మేం పోయింది? ఎప్పుడు, ఎవరెవరు, ఏం జరిగితే? అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: మందుపాతరలు తీశాక, బడి తెరిచాక, తన ఇంట్లో దూరినవాడు ఖాళీ చేశాక. కోరిక వేరు, ఏర్పాటు వేరు. ముందుగా మనుషుల్ని ఊరికి తీసుకెళ్లి చూపించి వెనక్కి తీసుకొచ్చే పద్ధతి ఒకటుంది. దానికి రెండే షరతులు: ఆడవాళ్లూ వెళ్లాలి, ఎందుకంటే నీళ్లెక్కడ, ఆసుపత్రెక్కడ అని వాళ్లు చూసేది వేరు, చూసొచ్చి ‘వద్దు’ అన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదు. ఈ రెండో షరతు దగ్గరే తమరికి నొప్పి.

ఇంకో తిప్పలు. తిరిగి వెళ్లేవాళ్లు మూటాముల్లే సర్దుకుని ఒక్కసారే వెళ్లరు. ముందు ఒకళ్లిద్దరు వెళ్లి పైకప్పు చూసుకుంటారు, ఒక పంట వేస్తారు. పిల్లలూ వాళ్ల తల్లీ బడి ఉన్నచోటే ఆగుతారు. ఇది తెలివైన పని, ఒకచోట దెబ్బ తగిలితే రెండోచోట నిలబడొచ్చు. తమరేమో కుటుంబాన్ని ఒకే వరుసలో రాసుకున్నారు కాబట్టి, తండ్రి వెళ్లిన రోజునే తల్లి పేరూ పిల్లల పేర్లూ కూడా గీత కిందికి పోతాయి. మనుషుల్ని మనుషులుగా లెక్కపెట్టాలని మేమంటే గణాంకాలు కుదరవంటారు. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ సరిగ్గా ఈ లెక్కల కోసమే సిఫారసులు ఆమోదించింది. ఆ ఎనిమిదింటిలో ఐదు తీసుకుని, నిర్వాసితుల పరిస్థితిని ఊరు కదలనివాళ్ల పరిస్థితితో పోల్చమంది. అంటే అందరికీ లేని కరెంటు ఇతనికీ లేకపోతే అది పేదరికం. అందరికీ ఉండి ఇతనికే లేకపోతే అది నిర్వాసం. తేడా కనిపెట్టడానికి పక్కింటివాణ్ని కూడా రెండు ప్రశ్నలు అడగాలి, అంతే.

కాగితాల దగ్గరికొద్దాం. ఇక్కడ తమరి ప్రతిభ అసామాన్యం. మనిషి ఇల్లు వదిలి పరిగెత్తినప్పుడు కాగితాలు ఇంట్లోనే ఉండిపోయాయి. కొత్తవి కావాలంటే ‘మీ సొంతూరి కార్యాలయంలో అడగండి’ అంటారు. ఆ ఊరు నుంచే కదా పారిపోయొచ్చింది! ఇలాంటి షరతు పెట్టకూడదని ఆ మార్గదర్శక సూత్రాల్లో 20వది ముందే చెప్పింది, ఆడవాళ్లకు వాళ్ల సొంత పేరు మీదే కాగితాలివ్వాలని కూడా చెప్పింది. ఒక్క కాగితం లేకపోతే ఎంత దూరం తెగుతుందో చూడండి. భర్త కనబడకుండా పోయాడు. శవం లేదు కనుక మరణ ధ్రువపత్రం లేదు. అది లేనిదే వారసత్వ పత్రం రాదు. వారసత్వం తేలనిదే పొలం ఆమె పేరు మీదికి మారదు. పొలం ఆమెది కాదు కాబట్టి ఇల్లు కట్టుకోవడానికిచ్చే సాయానికి ఆమె అర్హురాలు కాదు. చివర్లో తమరు ‘దరఖాస్తు చేసుకోలేదు’ అని ఎర్ర సిరాతో రాస్తారు. కనబడకుండా పోయినట్టు ఒక ధ్రువపత్రం ఇచ్చి, దానితోనే ఆస్తి వ్యవహారం నడవనిస్తే ఈ గొలుసు మొదటి లంకెలోనే ఊడిపోతుంది. చట్టంలో ఒక సవరణ చాలు.

గడువులు పెట్టడంలోనూ తమరి బంధువర్గం ఘనాపాఠీలే. బోస్నియాలో 1995 డిసెంబరులో యుద్ధస్థితి ముగిసిందని ప్రకటించాక, ‘వదిలేసిన’ అపార్ట్‌మెంట్లను మళ్లీ దక్కించుకోవడానికి దేశంలోపలి నిర్వాసితులకు 7 రోజులు, విదేశాల్లో ఉన్న శరణార్థులకు 15 రోజులు ఇచ్చారు. యుద్ధం అయిన వారంలోపు, ఎవరు తరిమారో వాళ్లుండే వీధిలోకే వెళ్లి తాళం తియ్యాలి! రానివాడు స్వచ్ఛందంగా వదులుకున్నట్టు లెక్క. ఆ చట్టాలను తర్వాత రద్దు చేయించి, వరసక్రమంలో ఒక్కో దరఖాస్తూ తేల్చారు. దాదాపు 2 లక్షల దరఖాస్తుల్లో 90 శాతానికి పైగా 2004 నాటికి తేలిపోయాయి. అక్కడ పనిచేసిన కిటుకు ఒకటే: ఆస్తి తిరిగి పొందడానికీ, అక్కడికెళ్లి కాపురం పెట్టడానికీ ముడిపెట్టలేదు. చాలామంది ఇల్లు తీసుకుని, అమ్ముకుని, ఉన్నచోటే స్థిరపడ్డారు. అది మోసమని ముక్కు విరిచినవాళ్లున్నారు. మా దృష్టిలో అదీ పరిష్కారమే.

డబ్బు చేతిలో పెట్టి పంపేయడం తమరికి మరీ ఇష్టం. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాతి హింసలో చెదిరిపోయినవాళ్లను 2008 మే నుంచి ‘ఇంటికి పదండి’ అంటూ పంపించారు. కుటుంబానికి 10,000 షిల్లింగులు, ఇల్లు కాలిపోయినవాళ్లకు మరో 25,000. శిబిరాలు ఖాళీ అయ్యాయి. కానీ చాలామంది సొంత గడప దాకా పోలేక పొలాలకు దగ్గర్లో కొత్త గుడారాలేసుకున్నారు. పట్టణాల్లో బంధువుల ఇళ్లలో, అద్దె గదుల్లో తలదాచుకున్నవాళ్లు అసలు లెక్కలోకే సరిగ్గా రాలేదు. శిబిరం మూతపడటం గుడారాల కథకు ముగింపు, మనుషుల కథకు కాదు. ఇరాక్‌లో 2020 అక్టోబరు నుంచి వరసపెట్టి శిబిరాలు మూసినప్పుడూ ఇదే జరిగింది: ఊరికి పోలేనివాళ్లు మరోచోట మళ్లీ నిర్వాసితులయ్యారు.

ఇల్లు కట్టుకోవడానికి విడతలుగా ఇచ్చే డబ్బుకూ ఒక రోగముంది. పునాదికి ఒకటి, గోడలు లేచాక ఒకటి, కప్పుకి ఒకటి. ఇంజనీరు వచ్చి సంతకం పెడితేనే రెండో విడత. ఊరంతా ఒకే సీజనులో కడుతుంటే సిమెంటు ధర, మేస్త్రీ కూలి రెండూ పెరుగుతాయి. మొదట్లో వేసిన అంచనా గోడల దగ్గరే అయిపోతుంది. అప్పు పుట్టనివాడి ఇల్లు కప్పు లేకుండా నిలబడుతుంది. తమరి లెక్కలో అది ‘నిర్మాణంలో ఉంది’, కాబట్టి పేరు కొట్టేయొచ్చు. ధరలు పెరిగితే విడత కూడా పెంచడానికి ముందే ఒప్పందం రాసుకోవాలి. కప్పుకిచ్చే విడతను అన్నిటికంటే పెద్దదిగా ఉంచాలి. పేరు కొట్టేసే ముందు ఒకసారి తలెత్తి పైకి చూడాలి.

ఇదంతా పేరు తొందరగా కొట్టేసే రోగం. కొట్టేయకుండా దశాబ్దాలు లాగే రోగమూ తమరికే ఉంది. జార్జియాలోని అబ్ఖాజియా ప్రాంతంలో జరిగిన యుద్ధం నుంచి 1990ల మొదట్లో వచ్చినవాళ్లను ఆ దేశ రాజధాని ట్బిలిసీలోని ఇవేరియా హోటల్లో పెట్టారు. గది బాల్కనీకి ప్లైవుడ్డూ ప్లాస్టిక్ పట్టా కొట్టి దాన్నే ఇంకో గది చేసుకుని బతికారు వాళ్లు. 2004లో గదికి 7,000 డాలర్లిచ్చి ఖాళీ చేయించేదాకా ఆ హోటలే చిరునామా. సైప్రస్‌లో 1974 టర్కీ దాడి నాటి నిర్వాసితుల కార్డు తండ్రి వైపు నుంచి పిల్లలకు దిగింది, తల్లి వైపు నుంచి దిగలేదు. అది వివక్షేనని 2015లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. ఊరు చూడని పిల్లలకు కూడా ఊరు పోయిన కార్డు ఎందుకు కావాల్సొచ్చింది? ఇంటి సాయం ఆ కార్డుతో ముడిపడి ఉంది కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. ఒక్క గీతతో తమరు మూడు పద్దులు చెరిపేస్తున్నారు. ఒకటి చరిత్ర: ఫలానావాణ్ని ఫలానా ఊరినుంచి తరిమారు. రెండోది అవసరం: ఇవాళ అతనికి ఏ సాయం కావాలి. మూడోది బాకీ: అతనికి రావాల్సిన ఇల్లు, పొలం, పరిహారం. అవసరం తీరొచ్చు, మళ్లీ రావొచ్చు; ఆ పద్దు రెండేళ్లకోసారి తిరగరాసుకోండి. బాకీ మాత్రం తీర్చాకే కొట్టాలి. అతను కూలి పని దొరికించుకున్నాడని, పక్క పట్నంలో కాపురం పెట్టాడని బాకీ మాఫీ అవదు. చరిత్ర ఎప్పటికీ కొట్టేయకూడదు. కొలంబియా రిజిస్టరు 1985 నుంచి వెళ్లగొట్టబడినవాళ్లందరినీ అలాగే ఉంచింది, 80 లక్షలకు పైగా. అంకె చూసి జనం హడలిపోతారు, నిజమే. కానీ అదే దేశంలో 2004లో రాజ్యాంగ న్యాయస్థానం నిర్వాసితుల స్థితి మొత్తంగా రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చి, ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి లెక్కలడిగిందంటే, అడగడానికి చేతిలో పేర్లుండబట్టే.

మూడింటికీ మూడు పుస్తకాలు పెట్టుకోమంటే సిబ్బంది లేరంటారు. ఒకే పుస్తకంలో మూడు కాలమ్‌లైనా గీయించుకోండి. పేరు మీద గీత పడేముందు ఆ మనిషికి కబురు పెట్టి, కారణం చెప్పి, కాదనడానికి కనీసం ఒక నెల గడువివ్వండి. కబురు పంపేటప్పుడు తమరి దగ్గరున్న చిరునామాకే పంపకండి, అది అతన్ని తరిమేసిన ఊరిది.

ఇట్లు,
తమరి కాలమ్‌లు నింపి నింపి చేతులు కాయలు కాచినవాళ్లం

తా.క.: కొత్తగా ఇచ్చే ఇళ్ల పట్టాలు భార్యాభర్తలిద్దరి పేరా రాయించండి. ఫారంలో రెండో సంతకానికి చోటు లేదని చెప్పొద్దు, ‘కార్యాలయ ఉపయోగం కొరకు మాత్రమే’ అని అర పేజీ వదిలారుగా.