సమాధుల తోటలో రెండడుగుల జాగా

పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవులకు పునరుత్థానం మీద, అంటే చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న మాట మీద, నమ్మకం తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈస్టర్ నాడు తెల్లవారకముందే మా సమాధుల తోటకు వచ్చి చూడండి. కొత్త సున్నం, కొవ్వొత్తులు, బంతిపూలు. మైకులో ఒకరు "క్రీస్తు లేచెను" అంటే, "నిజముగా లేచెను" అని అందరూ. ఆ మాట ముందు తెలుగులో అనాలా, ఒడియాలో అనాలా అన్న తగువూ అక్కడే. ఈ ఊరు 1936లో మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. మా చర్చిలో ఆ పంపకం ఇంకా నడుస్తోంది.

అసలు విశ్వాసం బయటపడేది కమిటీ మీటింగులో. తాతగారి సమాధి పక్కన రెండడుగుల జాగా కోసం అన్నదమ్ములు మాటలు మానేశారు. దీన్ని స్వార్థం అనకండి. చనిపోయినవాళ్లను లేపే కడబూర మోగినప్పుడు లేచి నిలబడాలంటే కాళ్లకు చోటుండాలి కదా! పక్కవాళ్ల గ్రానైటు పలక అడ్డొస్తే మహిమ శరీరానికైనా ఇబ్బందే. నిత్యజీవం ఉందన్న ధైర్యంతోనే కాబోలు, చేబదుళ్లు తీర్చడానికీ మావాళ్లు తొందరపడరు.

క్రీస్తు ఖాళీ సమాధిని ముందు చూసింది ఆడవాళ్లు. వాళ్ల మాటలు ఆయన శిష్యులైన అపొస్తలులకు వెర్రిమాటల్లా తోచాయని లూకా రాశాడు. ఆ అపొస్తలుల సంప్రదాయాన్ని మా కమిటీ పొల్లుపోకుండా కాపాడుతోంది: ఆడవాళ్లకు మీటింగులో కుర్చీ ఉండదు, ఉప్మా గుండిగ దగ్గర పీట ఉంటుంది. లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులేసి చేపలు కాల్చి శిష్యులను పిలిచాడని యోహాను 21లో ఉంది. "రండి, భోజనము చేయుడి" అన్న ఆజ్ఞకు మా మగవాళ్లు వెంటనే లోబడతారు. నిప్పు ఎవరు వేశారన్నది బైబిలు పండితులు తేల్చాలి.

మొన్నటి పాఠం బైబిలులో పౌలు రాసిన మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయం, 58 వచనాలూ చదివాం. పునరుత్థానం గురించి అంత చెప్పిన పౌలు, మరుసటి వచనంలోనే పేద విశ్వాసుల కోసం చందా ఎత్తాడు. ఒక కుర్రాడు అది పట్టుకుని, పిల్లలు కేరళకు కూలికి పోగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లకు నెలనెలా బియ్యం ఇద్దామన్నాడు. "అది పదహారో అధ్యాయం నాయనా, ఈస్టర్ పాఠంలోది కాదు" అన్నారు కోశాధికారి గారు. ఉన్న డబ్బు తోట ప్రహరీకి కేటాయించారట. లోపలివాళ్లు ఎలాగూ లేచిపోతారు, ఆ గోడ ఎవరికోసమని కుర్రాడు మళ్లీ అడగబోయాడు. ఇంతలో ఎవరో ఉప్మా చల్లారుతోందన్నారు. సంఘమంతా ఒక్కసారిగా లేచింది.